బెర్లిన్ మహాశిల్పి ష్లూటర్

బెర్లిన్ నగరంలో ఉంటర్ డెన్ లిండెన్ అనే రాజవీథిపై ఒక ప్రాచీన ఆయుధాగారం ఉంది. 1695లో శంకుస్థాపన జరిగిన ఆ భవనపు వెలుపలి గోడలపై శిరస్త్రాణాలు వరుసలు తీరి విజయదర్పాన్ని చాటుతూ ఉంటాయి. కాని ద్వారం దాటి లోపలి ముంగిట అడుగు పెట్టిన మనిషి నివ్వెరపోయి నిలుచుండిపోతాడు. చుట్టూ క్రింది అంతస్తు కమానులకు నడినెత్తిన, ఒక్కొక్క రాతిలో ఒక్కొక్క యోధుని ముఖం. అట్టివి 22 ఉన్నాయి. అన్నీ మరణించుచున్నవారి ముఖాలే. కొందరు వృద్ధులు, కొందరు నూనూగు మీసాలవారు. వారి నొసళ్ళు ముడివడ్డాయి, నోళ్ళు తెరచుకొన్నాయి, రెప్పలు వాలిపోతున్నాయి. తన ఆయుధాలు దాచుకొనే ఇంటిలో ఆ ముఖాలను చూచి ప్రభువు శత్రుపరాజయానికి సంతోషించి ఉండవచ్చు. చూపరులకు మాత్రం అక్కడ కనిపించేది యుద్ధం మనిషికి చేసే గాయమే. ఆ రాళ్ళను రూపొందించినవాడు ఆంద్రెయాస్ ష్లూటర్.

నేటి పోలండులో గ్దాన్‌స్క్‌గా పిలువబడే డాన్‌జిగ్ రేవుపట్టణంలో అతడు శిల్పవిద్య అభ్యసించాడు. తరువాత వార్సా చేరి, పోలండు రాజు మూడవ యాన్ సోబియెస్కీ కాలంలో క్రశిన్‌స్కీ భవనానికి శిల్పాలు చేశాడు. ఆ పేరు జర్మన్ దేశానికి ప్రాకి, 1694లో బ్రాండెన్‌బర్గ్ ప్రభువు మూడవ ఫ్రెడరిక్ అతనిని ఆస్థానశిల్పిగా బెర్లిన్‌కు పిలిపించుకొన్నాడు.

ఆనాటి బెర్లిన్ ఇంకా చిన్న పట్టణమే. ప్రభువు కోరికలు మాత్రం చిన్నవి కావు. అతడు 1701లో కోనిగ్స్‌బర్గ్ నగరంలో కిరీటం ధరించి ప్రష్యా రాజు కాబోతున్నాడు. రాజుకు తగిన నగరం కావాలి. నగరానికి తగిన రాజభవనం కావాలి. 1699 నాటికి ఆ భారం శిల్పి భుజాలమీద పడింది. పలు తరాలవారు తోచినట్లు కట్టుకొంటూ వచ్చిన ప్రాత కోటను ష్లూటర్ ఒక గంభీరమైన ఏకరూప మందిరంగా మార్చాడు. దాని లోపలి ముంగిలికి అతని పేరే నిలిచింది.

అదే కాలంలో, ప్రభువు తండ్రియైన ఫ్రెడరిక్ విలియమ్ అశ్వారూఢ విగ్రహానికి అతడు నమూనా చేశాడు. 1700లో యోహాన్ యాకోబి అనే నేర్పరి గుఱ్ఱాన్నీ రౌతునూ కలిపి ఒకే పోతలో కంచుతో దించాడు. 1703లో స్ప్రే నదిమీది పొడవాటి వంతెనపై దానిని నిలిపారు. తరువాత పీఠం చుట్టూ సంకెళ్ళతో పెనుగులాడే నలుగురు బందీల విగ్రహాలు చేరాయి. పైన దొర తొణకడు, బెణకడు. క్రింద నలుగురి దేహాలు మెలికలు తిరిగిపోతూ ఉంటాయి.

ఆ సంవత్సరమే సెంట్ మేరీ చర్చిలో పాలరాతి ప్రసంగవేదికను అమర్చవలసి వచ్చినప్పుడు, కప్పును మోస్తున్న ఒక మహాస్తంభం అడుగుభాగాన్ని తొలగించి, దాని స్థానంలో నాలుగు సన్నని స్తంభాలు నిలిపాడు. బరువు తెలియనివాడు చేయగల సాహసం కాదది. అట్టివాడే టంకసాల గోపురం దగ్గర ఓడిపోయాడు.

రాజభవనానికి వాయవ్యమూలన, నాణెములు ముద్రించే టంకసాల ప్రక్కన ఒక ప్రాత జలగోపురం ఉండేది. దానినే సుమారు 300 అడుగుల ఎత్తుకు లేపి, హాలండు దేశపు గంటలు వ్రేలాడదీయాలని రాజు సంకల్పం. ప్రాత గోడలపై క్రొత్త గోడలు లేచాయి. నది ఒడ్డున నీరు నానిన మెత్తటి నేల అది. గోడ బీటలు వారింది. ష్లూటర్ ఇనుపకట్లు బిగించాడు. చుట్టూ మరింత కట్టడం చేర్చి ఊతమిచ్చాడు. ఊతమిచ్చినకొద్దీ బరువు పెరిగింది. బరువు పెరిగినకొద్దీ నేల క్రుంగింది. 1706లో గోపురం ఒరిగి, టంకసాల మీద పడుతుందేమోనన్న భయం పుట్టింది. విచారణ జరిగింది. గణితాచార్యుడు స్టుర్మ్‌తోపాటు, ష్లూటర్‌కు చిరకాల స్పర్ధాళువైన ఎయోసాండర్ కూడా అందులో పాల్గొన్నాడు. కట్టినచేతనే విప్పించక తప్పలేదు. మరుసటి సంవత్సరం రాజభవన నిర్మాణాధికారం ఎయోసాండర్‌కు దక్కింది.

తప్పు ష్లూటర్‌ది కాదనడానికి వీలులేదు. అతడు ఉలి పట్టి ఎదిగినవాడు. రాతి గుణం ఎరిగినంతగా భూమి గుణం ఎరుగడు. కాని ప్రాత పునాదిమీద అంత ఎత్తు కోరినవారికి ఆ విచారణలో శిక్ష లేదు.

ఆస్థానశిల్పి పదవి మాత్రం మిగిలింది. అదే రాజు 1713లో మరణించగా, ఆయన శవపేటికకు శిల్పాలంకారం చేసినవాడు ష్లూటరే. రాణి సోఫీ షార్లట్ శవపేటికను అంతకు ముందే, 1705లో, చేసి ఉన్నాడు. ఆ రెండూ నేటికీ బెర్లిన్ ప్రధాన చర్చిలో ఉన్నాయి. క్రొత్త రాజుకు సేనలమీద ఉన్న మక్కువ కళలమీద లేదు. ష్లూటర్ రష్యా చక్రవర్తి పీటర్ కొలువుకు వెళ్ళిపోయాడు. సెంట్ పీటర్స్‌బర్గ్ నగరం అప్పుడే బురదనేలలోంచి లేస్తున్నది! అక్కడ ఏడాది తిరిగీ తిరగకముందే, 1714లో, కన్నుమూశాడు.

అతని పనులకు అతని జీవితంకన్న పెద్ద గండాలు తటస్థించాయి. రెండవ ప్రపంచయుద్ధంలో కంచురౌతును భద్రతకై పడవమీద తరలించారు. యుద్ధానంతరం తిరిగి తెస్తుండగా టేగెల్ రేవులో ఆ పడవ మునిగింది. 1949లో విగ్రహాన్ని పైకి తీసి, తరువాత షార్లటెన్‌బర్గ్ రాజభవనం ముంగిట నిలిపారు. నేడు అక్కడే ఉంది. 1945 ఫిబ్రవరి బాంబుదాడిలో కాలిపోయిన బెర్లిన్ రాజభవనాన్ని 1950లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పేల్చివేసి నేలమట్టం చేసింది. ప్రాత చిత్రాలూ, మిగిలిన శకలాలూ ఆధారంగా దాని బాహ్యరూపాన్ని 2013 నుంచి మళ్ళీ నిర్మించారు. హుంబోల్ట్ ఫోరం అనే పేరుతో 2021లో అది ప్రజలకు తెరువబడింది. మూడు ప్రక్కల గోడలూ, ష్లూటర్ ముంగిలీ తిరిగి లేచాయి. టంకసాల గోపురాన్ని మాత్రం ఎవరూ కట్టలేదు.