మెడిసిన్ వదిలి, కోళ్లలో లెక్క పట్టుకున్నాడు

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు పన్నెట్ స్క్వేర్ గుర్తుండే ఉంటుంది. తల్లి జన్యువులు ఒకవైపు, తండ్రివి ఇంకోవైపు రాసి, పిల్లల్లో ఏ లక్షణం ఎంతమందికి వస్తుందో గళ్లలో చూస్తాం. ఎంపీసీ వాళ్లూ, కంగారుపడకండి. అదొక చిన్న టేబుల్, అంతే! ఆ టేబుల్ వెనకున్న మనిషి రెజినాల్డ్ పన్నెట్.

ఆయన 1875లో ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్‌లో పుట్టారు. చిన్నప్పుడు అపెండిసైటిస్‌తో మంచాన పడితే, జంతువుల పుస్తకాలే కాలక్షేపం. కేంబ్రిడ్జ్‌లో మెడిసిన్ కోసం చేరి జువాలజీకి మారిపోయారు. మొదట్లో సముద్రపు పురుగుల మీద పరిశోధన చేశారు. బ్రాంచ్ మారితే కెరీర్ పోయినట్టే అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

1904లో విలియం బేట్సన్‌తో కలిశారు. బఠాణీల్లో మెండెల్ చూసిన సూత్రాలు జంతువుల్లోనూ పనిచేస్తాయా అన్నది వాళ్ల ప్రశ్న. దానికోసం కోళ్లను పెంచారు. కోడి తలమీది ఎర్రజుట్టు ఆకారం రెండు రకాలుగా ఉన్న జాతుల్ని కలిపితే, పిల్లలకు రెండూ కాని మూడో ఆకారం వచ్చింది. ఆ పిల్లల్ని మళ్లీ కలిపితే నాలుగు రకాలు, 9:3:3:1 లెక్కలో! అంటే రెండు జన్యువులు కలిసి ఒకే లక్షణాన్ని నడిపిస్తున్నాయన్నమాట.

1908లో ఆయనకో చిక్కు ప్రశ్న ఎదురైంది. బలమైన (డామినెంట్) లక్షణం కాలం గడిచేకొద్దీ అందరికీ ఎందుకు పాకిపోదు? దాన్ని తనతో క్రికెట్ ఆడే గణితవేత్త జి.హెచ్. హార్డీ ముందు పెట్టారు. అలా పుట్టిందే మీరు చదివే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం. అందులో పన్నెట్ పేరు లేదు. కానీ ప్రశ్నను సరైన మనిషి దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే.

1912లో కేంబ్రిడ్జ్‌లో జెనెటిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. మొదటి ప్రపంచయుద్ధంలో దాణాకు కరువొచ్చింది. గుడ్లు పెట్టని పుంజులకు మేత దండగ. కొన్ని జాతుల్ని కలిపితే పిల్ల పొదిగిన రోజే నూగు రంగు చూసి పెట్టో పుంజో చెప్పొచ్చని ఆయన చూపించారు. తర్వాత మైకేల్ పీజ్‌తో కలిసి, పుట్టగానే రంగుతో తేడా తెలిసే కాంబార్ అనే జాతినే తయారుచేశారు. 1967లో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఎండలకు వద్దాం. కోడికి చెమట పట్టదు. వేగంగా పెరిగే బ్రాయిలర్‌కు ఒంటివేడి ఎక్కువ, పైగా ఒళ్లంతా ఈకలు. అదే మెడమీద ఈకలుండని నాటు రకానికి వేడి సులువుగా బయటికి పోతుంది. ఆ జన్యువు డామినెంట్. స్వచ్ఛమైన బోడిమెడ కోడినీ, మామూలు బ్రాయిలర్‌నూ కలిపితే పిల్లలన్నిటికీ బోడిమెడే. ఆ పిల్లల్లో వాటిలోవాటిని కలిపితే? నాలుగు గళ్లు గీసి చూడండి, సగటున నాలుగింటిలో మూడు. మిగతా ఒక్కదానికి మెడనిండా ఈకలే. ఎదుగుదల, గుడ్ల సంఖ్య లాంటివి మాత్రం చాలా జన్యువుల పని కాబట్టి వాటికి గణాంకశాస్త్రం తోడు కావాలి.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాల్ని ఇచ్చింది. ఇలాంటి చోట వెటర్నరీ చదివినవాళ్లకే కాదు, డేటా, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లకూ పనుంటుంది. మీ డిగ్రీ పేరు దగ్గరే ఆగిపోకండి. మీకొచ్చిన లెక్క ఎవరి ప్రశ్నకు జవాబవుతుందో వెతకండి.