కంప్యూటర్ ఆగమన్నా ఆగని రోజు: అబ్దుల్ కలాం

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో డ్యూటీ చేసేవారికి యాసిడ్ లైన్, వాల్వ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మర్హూమ్ ఏపీజే అబ్దుల్ కలాంకు తగిలిన పెద్ద దెబ్బ కూడా అలాంటి వాల్వ్ దగ్గరే.

1931 అక్టోబర్ 15న రామేశ్వరంలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ పడవ తుఫానుకు కొట్టుకుపోయింది. కలాం వైమానిక దళంలో పైలట్ కావాలనుకున్నారు. ఎనిమిది మందిని తీసుకుంటే ఈయనది తొమ్మిదో స్థానం.

తర్వాత ఇస్రోలో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బాధ్యత వచ్చింది. దాని రెండో దశను అదుపు చేయడానికి నైట్రిక్ యాసిడ్ వాడేవారు. ఓ పరీక్షలో వాల్వ్ మొరాయించింది. ఏమైందో చూద్దామని మనుషులు దగ్గరికెళ్లారు, ట్యాంకు పగిలింది. ఆరుగురికి ఒళ్లు కాలింది. కలాం ఆ రాత్రి తిరువనంతపురం ఆస్పత్రిలో వాళ్ల మంచాల పక్కనే ఉన్నారు.

1979 ఆగస్టు 10, శ్రీహరికోట. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆగమంది. యాసిడ్ కారుతోంది. ఉన్నది సరిపోతుందని నిపుణులన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి ప్రయోగం కానిచ్చారు. మొదటి దశ బాగానే పోయింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకు రాకెట్ బంగాళాఖాతంలో పడింది. దుమ్ము చేరి వాల్వ్ మూసుకోలేదని విచారణలో తేలింది. తప్పు తనదేనని కలాం ఒప్పుకున్నారు. విలేకరుల ముందు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ నిలబడి మాటలు పడ్డారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి చేరినప్పుడు మాట్లాడమని కలాంనే ముందుకు పంపారు. అలాంటి పైఅధికారి ఎంతమందికి దొరుకుతాడు?

1982లో హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. పటాన్‌చెరు పక్కన భానూరులో బీడీఎల్ క్షిపణుల యూనిట్ పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. 1989 ఏప్రిల్ 20న అగ్ని ప్రయోగం. ఇంకా 14 సెకన్లుందనగా కంప్యూటర్ మళ్లీ ఆగమంది. ఈసారి ఆపేశారు. మే 1న ఇంకోసారి ఆపారు. పత్రికలు కార్టూన్లేసి నవ్వాయి. మే 22న అగ్ని ఎగిరింది.

2001లో బొకారోలో దిగుతున్న హెలికాప్టర్ కూలినా ప్రాణాలతో బయటపడ్డారు. మరుసటి ఏడాది రాష్ట్రపతి అయ్యారు. 2015 జూలై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలారు. దఫన్ రామేశ్వరంలోనే జరిగింది.