పైథాగరస్

పైథాగరస్ (సుమారు క్రీ.పూ. 570 - సుమారు క్రీ.పూ. 495) ప్రాచీన గ్రీకు తత్వవేత్త, గణిత శాస్త్రజ్ఞుడు. లంబకోణ త్రిభుజంలో అన్నిటికంటె పొడవైన భుజమగు కర్ణమును కనుగొనే సిద్ధాంతం ఈయన పేరు మీదనే ప్రసిద్ధి చెందినది. అయితే ఈయన వ్రాసిన గ్రంథమేదీ లభించలేదు. డయోజెనీస్ లేర్షియస్, పోర్ఫిరీ, ఇయాంబ్లికస్ వ్రాసిన ఈయన జీవిత చరిత్రలు ఈయన మరణానంతరం సుమారు ఏడు శతాబ్దాలకు వెలువడినవి. అందువలన చరిత్రను కట్టుకథల నుండి వేరుచేయడం కష్టసాధ్యం.

జీవితం

పైథాగరస్ ఏజియన్ సముద్రంలోని సామోస్ ద్వీపంలో జన్మించాడు. తండ్రి మ్నెసార్కస్ రత్నాలపై బొమ్మలు చెక్కేవాడని కొందరు, వర్తకుడని మరికొందరు వ్రాశారు. ఈజిప్టు, బాబిలోనియాలలో విద్య నేర్చాడనీ, భారతదేశానికి కూడా వచ్చాడనీ కథలున్నాయి. భారతదేశ యాత్రకు నమ్మదగిన ఆధారం లేదు.

సామోస్‌లో పాలిక్రేటిస్ నిరంకుశ పాలన సాగుతుండగా, సుమారు క్రీ.పూ. 530లో ఈయన దక్షిణ ఇటలీలోని గ్రీకు పట్టణమైన క్రోటన్‌కు తరలివెళ్ళాడు. అక్కడ ఈయన చుట్టూ ఒక శిష్య సమాజం ఏర్పడింది. ఆత్మ ఒక దేహం నుండి మరొక దేహానికి చేరుతుందని వీరి విశ్వాసం. మౌనం, ఆహార నియమాలు పాటించేవారు. చిక్కుడు జాతి గింజలు తినరాదనే నిషేధం కూడా ఉండేది. దానికి కారణమేమిటో పూర్వ రచయితలే తలొక విధంగా చెప్పారు. సంగీత స్వరాల పొందికను 2:1, 3:2, 4:3 వంటి చిన్న సంఖ్యల నిష్పత్తులలో చెప్పవచ్చునన్నది ఈ సమాజానికి పేరు తెచ్చిన పరిశీలన.

కర్ణం - సిద్ధాంతం

లంబకోణాన్ని కలిగించే రెండు భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానం. ఉదాహరణకు భుజాలు 8, 15 అయితే వాటి వర్గాలు 64, 225, మొత్తం 289. దీని వర్గమూలమైన 17 కర్ణం పొడవు అవుతుంది.

ఈ సంగతి పైథాగరస్‌కు ముందే తెలుసు. సుమారు క్రీ.పూ. 1800 నాటి బాబిలోనియా మట్టిపలకపై ఇటువంటి సంఖ్యల పట్టిక ఉన్నది. యజ్ఞవేదికల నిర్మాణాన్ని వివరించే బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రపు కర్ణాన్ని గురించి ఇదే నియమం కనిపిస్తుంది. ఉపపత్తిని పైథాగరస్ ఇచ్చాడనడానికి సమకాలీన సాక్ష్యం లేదు. సుమారు క్రీ.పూ. 300లో యూక్లిడ్ తన మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదనగా దీనిని నిరూపించాడు. సిద్ధాంతం దొరికిన సంతోషంతో పైథాగరస్ ఎద్దును బలి ఇచ్చాడనే కథ, ఈయన జీవహింసకు దూరంగా ఉండేవాడనే మాటతో పొసగదు.

భుజాలు రెండూ 1 అయినప్పుడు కర్ణం 2 యొక్క వర్గమూలం. దీనిని ఏ రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగానూ వ్రాయలేము. సమస్తమూ సంఖ్యలతోనే ఏర్పడినదని భావించిన వారికి ఇది మింగుడుపడని విషయమే అయి ఉండాలి. ఇటువంటి రహస్యాన్ని బయటపెట్టినందుకు హిప్పాసస్ అనే శిష్యుడు సముద్రంలో మునిగి మరణించాడన్న కథ తరువాతి కాలంలో ప్రచారమైనది.

చివరి దశ

క్రీ.పూ. 510లో క్రోటన్ సేన పొరుగు పట్టణమైన సైబారిస్‌ను ధ్వంసం చేసింది. సేనకు నాయకుడు ప్రసిద్ధ మల్లయోధుడు, పైథాగరస్ అనుయాయి అయిన మైలో. ఆ తరువాత క్రోటన్‌లో ఈ సమాజపు పలుకుబడిపై అసమ్మతి పెరిగింది. సమాజంలో ప్రవేశం దొరకని సైలన్ అనే సంపన్నుడు తిరుగుబాటుకు నాయకత్వం వహించాడని చెబుతారు. పైథాగరస్ మెటపాంటమ్ పట్టణానికి వెళ్ళి అక్కడే మరణించాడు. నాలుగు శతాబ్దాల తరువాత రోమన్ వక్త సిసిరో ఆ పట్టణానికి వెళ్ళినప్పుడు, తన బసకు పోకముందే పైథాగరస్ మరణించిన స్థలాన్ని దర్శించాడు.