ఆర్నాల్డ్ డాల్మెచ్

ఆర్నాల్డ్ డాల్మెచ్ (ఫిబ్రవరి 24, 1858 - ఫిబ్రవరి 28, 1940) ఐరోపా ప్రాచీన సంగీతాన్ని, దాని వాద్యాలను పునరుద్ధరించిన ప్రముఖులలో ఒకడు.

తొలి జీవితము

డాల్మెచ్ ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో, పియానోలు తయారుచేసే కుటుంబంలో జన్మించి, చిన్ననాటనే ఆ పని నేర్చుకున్నాడు. బ్రస్సెల్స్, లండను నగరాలలో సంగీతము అభ్యసించాడు.

లూట్ పునరుద్ధరణ

లూట్ సగానికి కోసిన బేరిపండు ఆకారంలో ఉండే తంత్రీవాద్యము. పలుచని చెక్కబద్దలను చర్మపు జిగురుతో అతికించి దీని బుర్రను చేస్తారు. వేడి, తేమ తగిలితే ఈ జిగురు వదులుతుంది కనుక మరమ్మతుకు విప్పటం సాధ్యము. తంత్రులు పేగుతో చేసినవి. మెట్లు కూడా మెడచుట్టూ కట్టిన పేగుదారాలే. వీణమెట్ల వలె స్థిరంగా ఉండవు.

డాల్మెచ్ నాటికి ఇవి వాడుక తప్పి, కేవలం అలంకార వస్తువులుగా మిగిలాయి. పాత సంగీతము దాని కాలపు వాద్యాలపైననే సరిగా పలుకుతుందని నమ్మిన ఇతడు, పాత వాద్యాలను సేకరించి బాగుచేసి కచేరీలలో వాయించాడు. 1893లో స్వయంగా ఒక లూట్ నిర్మించాడు.

చివరి దశ

బోస్టన్, పారిస్ నగరాలలో వాద్య నిర్మాణము సాగించి, 1917లో ఇంగ్లాండులోని హేస్ల్‌మియర్‌లో స్థిరపడ్డాడు. 1925లో అక్కడ ప్రాచీన సంగీతోత్సవాన్ని ప్రారంభించాడు. ఇతని సేకరణలోని పలు వాద్యాలు లండనులోని హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి.