మర్హూమ్ రహీం సాహెబ్ – మైదానంలో ఒక బడిపంతులు

ఈ సంచికలో మేము ఒక బడిపంతులు గారి జీవితాన్ని మన సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు గుర్తుచేయదలచినాము. ఆయన మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. హైదరాబాదు వారు. మన వరంగల్లు కూడా అప్పట్లో హైదరాబాదు రాజ్యంలోని ఊరే కనుక ఆయన మనకు పరాయివారు కారు. ఫుట్‌బాల్ తెలిసిన పెద్దలకు ఆయన పేరు కొత్త కాదు. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చినాక పిల్లలకూ తెలిసింది. అయితే కప్పులు, పతకాల వెనుక ఉన్న సంగతి ఒకటున్నది. మేము చెప్పదలచింది అదే.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడినారు. తరువాత కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బడులలో పంతులుగా పనిచేసినారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేదాకా ఆ పని విడువలేదు. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చినారు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఇంత పేరు వచ్చినా ఆయన బుద్ధి మాత్రం పంతులు బుద్ధే. క్లాసులో తెలివిగల పిల్లవాడు ఒక్కడే జవాబులు చెపుతుంటే మిగతావారు చదువుకున్నట్టా? ఆటలోనూ అంతే. ఒడుపుగలవాడు బంతిని తన కాలి దగ్గరే పెట్టుకుంటే మిగతా పదిమంది చూస్తూ నిలబడాల్సిందే. దీనికి రహీం సాహెబ్ మంచి ఉపాయం చేసినారు. స్థానికంగా పోటీలు పెట్టి వాటికి వేరే నియమాలు పెట్టినారు. ఒక పోటీలో బంతిని తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే పక్కవానికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలుతోనే తన్నాలి. దాంతో ఒక్కడి ఆట పదకొండుమంది ఆట అయింది.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేదింటి పిల్లవాడు ఉండేవాడు. ఆట బాగా ఆడేవాడు గాని, రోజూ హైదరాబాదు వచ్చి అభ్యాసం చేయడానికి చేతిలో పైసలు లేవు. సైకిలు కిరాయికని రహీం సాహెబ్ రోజుకొక రూపాయి ఇచ్చినారు. ఆ పిల్లవాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో దేశం తరఫున ఆడినాడు. ఆ ఒలింపిక్సులో మన జట్టుకు నాలుగో స్థానం దక్కింది. ఒక్క రూపాయి ఎంత దూరం పోయిందో చూడండి!

ఆయనకు అన్నీ గెలుపులే కాలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టే, మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది. అంత చలిలో మనవారు చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. రహీం సాహెబ్ కుంగిపోలేదు. ఆట తీరు మార్చి, జట్టును మళ్ళీ కట్టినారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియాతో ఓటమి. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్ వెనుక వరుస ఆటగాడు. ఆయనను ముందు వరుసకు పంపినారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో మళ్ళీ కొరియాయే ఎదురైంది. మైదానం నిండా మనకు వ్యతిరేకమైన జనం. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు వేసినారు. 2–1తో స్వర్ణం మనది. ఆ జట్టులో హైదరాబాదు యూసుఫ్ ఖాన్, పంజాబు సర్దారు, బెంగాలు బెనర్జీ, గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ అందరూ ఒక్క ఇంటి బిడ్డల వలె ఆడినారు.

ఆ తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాహెబ్ క్యాన్సరుతో కన్నుమూసినారు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ స్వర్ణం రాలేదు.

పిల్లలను గమనించే పంతుళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. మన జిల్లా కల్లెడ గ్రామం అమ్మాయి దీప్తి జీవాంజిని బుద్ధిమాంద్యం ఉందని కొందరు ఎగతాళి చేసినారు. బడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును చూసినారు. 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో ఆమెకు కాంస్యం వచ్చింది.

కావున సభ్యులకు మా మనవి. ఇప్పుడు షుగరు, బీపీ లేని ఇల్లు తక్కువ. సాయంత్రమైతే పిల్లల చేతిలో ఫోనే. మందులకు పెట్టే ఖర్చులో కొంత పిల్లల బూట్లకు, బంతులకు పెడితే నష్టం లేదు. మన మొహల్లాలో పేదపిల్లవాడు, ఆడపిల్ల, అవిటి బిడ్డ, పొరుగువారి బిడ్డ ఎవరైనా మైదానం బయట నిలబడి చూస్తుంటే చేయిపట్టి లోపలికి పిలవండి. కప్పు రాకపోయినా సరే, పిల్లలు ఆరోగ్యంగా, కలసిమెలసి పెరుగుతారు. రహీం సాహెబ్ పేరు నిలపడానికి ఇంతకన్నా మంచి మార్గం మాకు తోచడం లేదు.