బాబాసాహెబ్‌కు ఓట్లు కూడగట్టిన మంత్రి

మన హాస్టల్లో ఏటా బాబాసాహెబ్ పటానికి దండ వేస్తాం. జోగేంద్రనాథ్ మండల్ పేరు మాత్రం మాకు పీజీకి వచ్చాకే తెలిసింది.

1904లో బరిసాల్ ప్రాంతంలో నామశూద్ర కుటుంబంలో పుట్టిన మండల్ లా చదివి, 1937లో బెంగాల్ శాసనసభకు గెలిచారు. 1946 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఘోరంగా ఓడింది. రాజ్యాంగ సభకు సభ్యులను ఎన్నుకునేది శాసనసభ్యులే. బొంబాయిలో అంబేద్కర్‌కు ఆ ఓట్లు లేవు. బెంగాల్లో మంత్రిగా ఉన్న మండల్ ఆయన్ను అక్కడి నుంచి నిలబెట్టారు. అక్కడా ఫెడరేషన్ సభ్యుడు మండల్ ఒక్కరే! అయినా ఇతర దళిత సభ్యులను కూడగట్టి గెలిపించారు.

విభజనతో ఆ సీటు పోయింది. అంబేద్కర్ 1947లో బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. మండల్ పాకిస్తాన్ తొలి న్యాయమంత్రి అయ్యారు. తూర్పు బెంగాల్లో దళితుల మీద దాడులు ఆపించలేక 1950లో రాజీనామా చేసి కలకత్తా వచ్చేశారు. ఇక్కడ ఎన్నికల్లో నిలబడినా గెలవలేదు. 1968లో కన్నుమూశారు.