కుదుపును మచ్చిక చేసిన కారు శిల్పి: అలెక్ ఇసిగోనిస్

వేగమును, సుఖమును ఒకే వాహనమునందు ఇముడ్చుట ఎన్నడును సులభము కాదు. పందెములకు తగిన చిన్న కారు మలుపులలో నేలను విడువక పరుగెత్తును. కాని అందు కూర్చున్నవారి నడుమునకు దారిలోని ప్రతి గతుకును తెలిసివచ్చును. పెద్ద కారు మెత్తగా సాగును. కాని దాని వెల సామాన్యునకు అందదు. నలుగురు మనుష్యులు సులువుగా కూర్చుండదగినదియు, పందెములలో పెద్ద కార్లను ఓడింపగలదియు నగు చిన్న కారును లోకమునకిచ్చిన శిల్పి సర్ అలెక్ ఇసిగోనిస్. అతని 'మినీ' కారు పేరు ఎరుగనివారు అరుదు. ఆ కారు కుదుపుతో అతడు సాగించిన పోరాటము మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. అతని గొప్పతనమును, అతని పట్టుదలలోని లోపమును, రెండును ఆ పోరాటమునందే కానవచ్చును.

ఇసిగోనిస్ 1906 నవంబరు 18వ తేదీన, నాడు ఒట్టోమన్ సామ్రాజ్యమునకు చెందిన స్మిర్నా రేవు పట్టణమున జన్మించెను. నేడది తుర్కీ దేశములోని ఇజ్మీర్. తండ్రి గ్రీకు జాతీయుడు, బ్రిటిషు పౌరసత్వము గలవాడు, నౌకాయంత్రముల కర్మాగారమునకు యజమాని. తల్లి జర్మను మూలములు గల కుటుంబమునకు చెందినది. యంత్రముల చప్పుడు నడుమ, కలిమిగల ఇంట బాలుని చిన్నతనము గడచెను. 1922లో గ్రీకులకును తుర్కులకును జరిగిన యుద్ధము స్మిర్నాను ముంచెత్తెను. బ్రిటిషు ఓడలపై ఆ కుటుంబము కట్టుబట్టలతో మాల్టా ద్వీపమునకు చేరెను. తండ్రి అచ్చటనే మరణించెను. పదునారేండ్లు నిండిన కుమారుని వెంటబెట్టుకొని తల్లి 1923లో ఇంగ్లండు చేరెను.

లండనులోని బాటర్సీ పాలిటెక్నిక్‌లో అతడు ఇంజనీరింగు విద్యకు చేరెను. చిత్రలేఖనమున అతని చేయి మిక్కిలి చురుకైనది. గణితమున మాత్రము ముమ్మారు పరీక్ష తప్పెను. జీవితాంతము గణితమును అతడు సృజనకు శత్రువుగానే భావించెను. తలపునకు వచ్చిన యంత్రభాగమును చేతితోనే చకచక గీసి, దానిని లెక్కగట్టి రూపొందించు పనిని సహాయకులకు వదలుట అతని పద్ధతి. 1934లో హంబర్ కంపెనీలోను, 1936లో మారిస్ మోటార్స్ సంస్థలోను అతడు ఉద్యోగమున ప్రవేశించెను.

ఈ సంవత్సరములలోనే, జార్జి డౌసన్ అను మిత్రునితో కలిసి, తీరిక వేళలయందు తన చేతులతో ఒక చిన్న పందెపు కారును అతడు నిర్మించెను. దానికి 'లైట్‌వెయిట్ స్పెషల్' అని పేరు. పూర్తి యగుటకు కొన్ని సంవత్సరములు పట్టెను. అందు ఉక్కు కమానులకు బదులు రబ్బరును వాడుట విశేషము. బరువు తగ్గించుటకై చేసిన ఆ ప్రయోగము, ఇరువది సంవత్సరముల పిమ్మట లక్షలాది కార్లకు ఆధారమైన భావమునకు తొలి మొలక.

యుద్ధానంతరము, 1948లో వెలువడిన మారిస్ మైనరు కారు అతనికి కీర్తిని తెచ్చెను. దాని ముందు చక్రములు ఒకదానితో నొకటి నిమిత్తము లేక వేర్వేరుగా లేచి దిగునట్లు అమర్చబడెను. నమూనా సిద్ధమైన పిదప, అది సన్నముగా నున్నదని తోచి, ఇసిగోనిస్ దానిని నిలువునా రెండుగా కోయించి, నడుమ నాలుగు అంగుళములు చేర్చి వెడల్పు చేయించెను. మన దేశమున హిందూస్థాన్ మోటార్స్ వారు 'బేబీ హిందూస్థాన్' అను పేరుతో తయారు చేసినది ఈ మైనరు కారునే.

1952లో అతడు ఆల్విస్ కంపెనీకి మారెను. అచ్చట రూపొందించిన కారు విపణికి రాలేదు. కాని ఆ కాలమున అలెక్స్ మౌల్టన్ అను ఇంజనీరు స్నేహము లభించెను. మౌల్టన్ కుటుంబమువారికి బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ అను ఊర తరతరములుగా రబ్బరు కర్మాగారముండెను. రబ్బరు గుణములను శాస్త్రీయముగా పరిశోధించిన విద్వాంసుడాయన. ఒకరు ఊహతో ముందునకు దూకువారు. మరియొకరు కొలిచి అడుగు వేయువారు. ఇరువురి కలయిక ఇద్దరికిని బలమయ్యెను.

1955 చివర ఇసిగోనిస్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషనుకు తిరిగి వచ్చెను. మరుసటి యేడు సూయెజ్ సంక్షోభము వలన ఇంగ్లండులో పెట్రోలు కరవయ్యెను. తక్కువ ఇంధనముతో నడచు నిజమైన చిన్న కారు కావలెనని 1957లో సంస్థాధిపతి లియొనార్డ్ లార్డ్ ఆదేశించెను. ఇసిగోనిస్ కారు పొడవును పది అడుగులకు కుదించెను. ఇంజనును అడ్డముగా నిలిపి, గేరుపెట్టెను దాని క్రిందనే అమర్చెను. చక్రముల కొలత పది అంగుళములే. అంత చిన్న కారులో ఎనుబది శాతము చోటు మనుష్యులకును, సామానులకును దక్కెను. 1959 ఆగస్టు 26వ తేదీన ఆ కారు లోకమునకు వెల్లడియయ్యెను.

అయితే ఆ చిన్నతనమే కుదుపునకు మూలమయ్యెను. పెద్ద చక్రము దాటిపోవు గుంటలో చిన్న చక్రము దిగబడును. ముందు వెనుక చక్రముల నడుమ దూరము సుమారు ఎనుబది అంగుళములే యగుటచే, మిట్ట తగిలినప్పుడు ముందు భాగము లేచి, అది దిగునంతలో వెనుక భాగము లేచి, కారు ఊయెలవలె ఊగును. వీటికి మించిన చిక్కు బరువుది. కారు సొంత బరువు సుమారు 600 కిలోలు. నలుగురు మనుష్యులు తమ సామానుతో ఎక్కిన, దాదాపు అందు సగము బరువు అదనమగును. ఒక్కనికి తగినట్లు మెత్తని స్ప్రింగు పెట్టిన, నలుగురెక్కినప్పుడు కారు నేలకు క్రుంగును. నలుగురికి తగినట్లు గట్టిది పెట్టిన, ఒక్కడు పోవునప్పుడు ఎగిరెగిరి పడును. బరువైన పెద్ద కారునకు ఈ బాధ తక్కువ.

మౌల్టన్ ఇచ్చిన సమాధానము రబ్బరు శంకువు. రెండు లోహపు ముక్కల నడుమ శంకువు ఆకారమున రబ్బరును బిగించిరి. చక్రము లేచినప్పుడు అది నలుగును; నలిగిన కొలదియు మరింత గట్టిపడును. అందుచే తక్కువ బరువునకు మెత్తగాను, ఎక్కువ బరువునకు బిర్రుగాను ఒకే వస్తువు పనిచేసెను. అది ఆక్రమించు చోటు కూడ మిక్కిలి స్వల్పము. మలుపులలో కారు ఒరగక, రోడ్డును కరచుకొని పోయెను. ఈ గుణమును కనిపెట్టినవాడు పందెపు కార్ల నిర్మాత జాన్ కూపర్. 1961లో మినీ కూపర్ పుట్టెను. సామాన్యుల కారును పందెముల పాలు చేయుటకు ఇసిగోనిస్ మొదట అంగీకరింపలేదు. అయినను 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీని ఆ బుల్లి కారే గెలిచెను.

గెలుపు ఎంత గొప్పదైనను, గతుకుల బాటలో కుదుపు తీరలేదు. నిజమునకు, రబ్బరు శంకువు మౌల్టన్ మనసులోని తుది రూపము కాదు. ముందు వెనుక చక్రములను ద్రవముతో కలుపవలెనని వారి సంకల్పము. 1959 నాటికి అది సిద్ధము కాలేదు. 1962లో ఆ సంస్థవారి 1100 కారునందును, 1964లో మినీయందును 'హైడ్రోలాస్టిక్' అను ఆ ఏర్పాటు వచ్చెను. రెండు కుంటలను ఒక తూముతో కలిపినట్లు, ఒకే ప్రక్కనున్న ముందు, వెనుక చక్రముల రబ్బరు పాత్రలను ఒక గొట్టముతో కలిపిరి. ముందు చక్రము మిట్ట ఎక్కగా అందలి ద్రవము వెనుకకు పోయి, వెనుక భాగమును కూడ కొంచెము లేపును. ముందు మాత్రమే ఎగిరిపడుటకు బదులు కారంతయు ఒక్క మట్టమున లేచి దిగును. ఊయెల ఊపు తగ్గెను.

కాని ప్రతి లాభమునకు ఒక వెల ఉండును. వెనుక బరువు కూర్చున్నప్పుడును, వేగము హఠాత్తుగా పెంచినప్పుడును ఆ కారు తోక దిగి ముక్కెత్తెడిది. ఖర్చును పెరిగెను. 1969 మొదలుకొని మినీ మరల రబ్బరు శంకువులకే మరలెను. మేలైన ఉపాయము మిక్కిలి చవుక కారులో నిలువలేకపోయెను.

ఈ సందర్భమున ఇసిగోనిస్ స్వభావమును గూర్చి చెప్పవలెను. సుఖము ఎక్కువైన నడుపువాడు ఏమరును, కొంత కష్టమున్ననే మెలకువగా ఉండునని అతని విశ్వాసము. అందుచే మినీ ఆసనములు నిటారుగా ఉండెను. కారులో రేడియో అతనికి గిట్టదు. ఈ నియమము ఒక తపస్వికి తగినదే. కాని దూరప్రయాణమున అలసట కూడ ఏమరుపాటునకు కారణమని మరువరాదు. తాను సహింపగలిగిన కష్టమును అందరును సహింపవలెనని కోరుట అతని పట్టుదలలోని లోపము. ఆ లోపమును సరిదిద్దినది మౌల్టన్ స్నేహమే. కాఠిన్యము ఇసిగోనిస్‌ది, కనికరము మౌల్టన్‌ది అని చెప్పినను తప్పు కాదు.

1967లో రాయల్ సొసైటీ ఫెలోగా గౌరవము, 1969లో సర్ బిరుదము ఇసిగోనిస్‌కు లభించెను. మినీకి బదులుగా తాను రూపొందించిన కొత్త నమూనాను సంస్థ స్వీకరింపకపోవుట అతనికి వ్యథ కలిగించెను. 1971లో పదవీ విరమణ చేసెను. అతడు వివాహము చేసికొనలేదు. 1972లో మరణించువరకు తల్లి అతనితోనే ఉండెను. 1988 అక్టోబరు 2వ తేదీన అతడు కన్నుమూసెను. మినీ మాత్రము 2000 సంవత్సరము వరకు తయారగుచు, యాబదిమూడు లక్షలకు పైగా అమ్ముడుపోయెను. మౌల్టన్ 2012 వరకు జీవించెను.

పాత మినీలను ప్రేమతో కాపాడుకొనువారు నేడును ఉన్నారు. కుదుపు పెరిగినదని తోచినప్పుడు వారు మొదట చూచునది ఆ రబ్బరు శంకువులనే. ఏండ్లు గడచిన కొలది రబ్బరు క్రుంగి, గట్టిపడి, తన గుణమును కోల్పోవును. కొత్తవి వేసినంతనే బండి తేలికపడును. స్ప్రింగు మెత్తనైనంత మాత్రమున ప్రయాణము సుఖము కాదు. బరువునకు తగినట్లు మారవలెను, ముందు చక్రమునకు తగిలిన దెబ్బను వెనుక చక్రము పంచుకొనవలెను. ఇది వారిరువురి పనిలోని సారము. గణితమున ముమ్మారు తప్పిన విద్యార్థి ఇంతటివాడయ్యెనని చెప్పి ఊరకుండుట చాలదు. తనకు లేని శాస్త్రజ్ఞానము గలవానిని గుర్తించి, చెంత నిలుపుకొని, వాని మాట విన్నందుననే అతని ఊహ రోడ్డుపైకి రాగలిగెను. తరగతిలో లెక్కలకు జంకు బాలునికిని, వానిని మందలించు గురువునకును ఈ రెండవ మాట ముఖ్యము.